బాయిన్ ఒడ్డున పొద్దు తిరిగే రోజు

డిసెంబరు మూడో వారం వచ్చేసరికి ఐర్లాండ్‌లో అందరి మాటా పొద్దు మీదికే పోతుంది. ఉదయం ఎనిమిదిన్నర దాటితే గానీ సూర్యుడు రాడు, సాయంత్రం నాలుగుంపావు లోపే వెళ్లిపోతాడు. మధ్యనున్న ఏడున్నర గంటల్లో సగం మబ్బుల పాలు. హైస్కూలు పిల్లలు చీకట్లో బయల్దేరి, చీకటి పడుతుండగా ఇల్లు చేరతారు. అదే రోజు హైదరాబాదులో పదకొండు గంటల పగలుంటుందని చెబితే, మా పక్కింటావిడ అందులో ఒక గంట అప్పిమ్మంటుంది.

నేనుండేది డ్రాహెడాలో. డబ్లిన్‌కి ఉత్తరంగా యాభై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, బాయిన్ నది సముద్రంలో కలవబోయే చోట ఉన్న పాత రేవు పట్నం. ఈ నది వెంబడి ఊళ్లలో, డిసెంబరు 21 దగ్గర పడగానే, ఏదో ఒక చర్చి హాల్లో పొద్దు తిరిగే పండుగ చేస్తారు. అంటే దక్షిణానికి దిగిపోయిన సూర్యుడు ఆగి మళ్లీ ఉత్తరానికి మళ్లే రోజు. టిక్కెట్టు ఉండదు, గుమ్మం దగ్గర చందాల బకెట్టు ఉంటుంది. కుర్చీలు గోడవారకి జరిపి మధ్యలో నేల ఖాళీ చేస్తారు. ఒక మూల రెండో మూడో ఫిడేళ్లు, చెక్క ఫ్లూటు, కాన్సర్టీనా, మేకతోలు బిగించిన బౌరాన్ అనే చేతి డప్పు. అదృష్టం ఉంటే ఇలన్ పైపులు తెలిసినవాడు ఒకడు వస్తాడు. నోటితో ఊదే పని లేకుండా, మోచేతి కింద తిత్తితో గాలి కొట్టి వాయించే వాద్యమది. దానికి శ్రుతి కుదరడానికే పావుగంట పడుతుంది, అందాకా అందరూ ఓపిగ్గా టీ తాగుతారు. ఆ తర్వాత నాలుగేసి జంటలు చతురస్రంగా నిలబడి ఆడే సెట్ నాట్యాలు. మధ్యలో దీపాలార్పి కొవ్వొత్తి ఒకటి పెట్టి కథ చెప్పిస్తారు. కథ చెప్పేవాణ్ణి ఇక్కడ షానకీ అంటారు.

పోస్టరు మీద ‘ప్రాచీన కెల్టిక్ పండుగ’ అని రాసి ఉంటుంది. ప్రాచీనం నిజమే. కెల్టిక్ కూడా ఒక రకంగా నిజమే. రెండూ పక్కపక్కన పెట్టినప్పుడే పేచీ వస్తుంది. ఆ పేచీ పట్టుకుని తీగ లాగితే ఈ దేశ చరిత్ర చాలావరకు బయటపడుతుంది, కాబట్టి లాగుదాం.

మా ఊరికి పది కిలోమీటర్ల లోపే, నది వంపు తిరిగే గట్టు మీద న్యూగ్రేంజ్ ఉంది. దూరం నుంచి చూస్తే పచ్చగడ్డి కప్పిన పెద్ద దిబ్బ. ఎనభై అయిదు మీటర్ల వెడల్పు, చుట్టూ 97 పెద్ద బండరాళ్ల కట్టు. లోపలికి 19 మీటర్ల సన్నటి రాతి దారి, దాని చివర శిలువ ఆకారంలో ఒక గది. సున్నం లేదు, లోహం లేదు. రాతి మీద రాయిని కొంచెం కొంచెం లోపలికి జరుపుతూ ఆరు మీటర్ల ఎత్తున కప్పు మూశారు. సందుల్లో కాల్చిన మట్టీ సముద్రపు ఇసుకా కూరారు. అయిదు వేల ఏళ్ల ఐర్లాండ్ వాన పడ్డా ఆ కప్పు కారలేదు. మా హాలు కప్పు గురించి అంత మాట చెప్పలేను. కట్టింది క్రీస్తుకు పూర్వం 3200 ప్రాంతంలో. ఈజిప్టు మహా పిరమిడ్ కంటే ఆరు వందల ఏళ్లు పెద్దది. హరప్పా, మొహెంజొదారో మహానగరాలుగా ఎదగడానికి ముందుది.

దీన్ని 1962 నుంచి 1975 దాకా తవ్వినవాడు కార్క్ యూనివర్సిటీ కాలేజీ ప్రొఫెసర్ మైకేల్ ఓకెల్లీ. గుమ్మం పైన చిన్న కిటికీలాంటి రాతి పెట్టె ఒకటి బయటపడింది. తలుపు కాని తలుపు ఎందుకు పెట్టారో ఎవరికీ అంతుపట్టలేదు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు మాత్రం ఏదో ఒక రోజు సూర్యుడు లోపలి రాతిని వెలిగిస్తాడని చెప్పుకునేవారు. ఇంగ్లండ్‌లోని స్టోన్‌హెంజ్ రాతి వలయం కథ విని ఇక్కడికి అంటగట్టి ఉంటారని ఓకెల్లీ మొదట కొట్టిపారేశాడు. గుమ్మం ఆగ్నేయానికి తిరిగి ఉండటం చూశాక అనుమానం వచ్చింది. 1967 డిసెంబరు 21 తెల్లవారుజామున లోపలికి వెళ్లి ఒక్కడే చీకట్లో కూర్చున్నాడు. పొద్దు పొడిచిన కాసేపటికి ఆ పెట్టెలోంచి సన్నటి వెలుగు గీత నేల మీద పాకుతూ గది చివరి దాకా వచ్చింది. పదిహేడు నిమిషాలుండి వెళ్లిపోయింది. అంత పెద్ద కట్టడం ఆ పదిహేడు నిమిషాల కోసం.

లెక్క ఎంత గట్టిదో చూడండి. దారి నేల లోపలికి పోయేకొద్దీ మెల్లగా ఎత్తు పెరుగుతుంది. అందుకే గుమ్మంలోంచి వచ్చే ఎండ సగం దారిలోనే ఆగిపోతుంది, పైపెట్టెలోంచి వచ్చేది మాత్రమే గదిని అందుకుంటుంది. ఇప్పుడు వెలుగు సూర్యోదయమయ్యాక నాలుగు నిమిషాలకి లోపలికి వస్తుంది. కట్టిన రోజుల్లో సరిగ్గా పొద్దు పొడుస్తూనే వచ్చేది. ఈ అయిదు వేల ఏళ్లలో భూమి వంపు ఇసుమంత మారింది, తేడా అంతే. మన సంక్రాంతి సంగతి వేరు. ఉత్తరాయణ పుణ్యకాలమని మనం జనవరి మధ్యలో చేసుకుంటున్నా సూర్యుడు నిజంగా ఉత్తరానికి తిరిగేది డిసెంబరు 21, 22 తేదీల్లోనే. మన పంచాంగం నక్షత్రాల లెక్క పట్టుకుంది కాబట్టి, సుమారు 1,700 ఏళ్ల కింద కలిసి ఉన్న ఆ రెండు రోజులూ మెల్లగా విడిపోయాయి. న్యూగ్రేంజ్ కట్టినవాళ్లు నక్షత్రాల జోలికి పోకుండా సూర్యుణ్ణే రాతిలో బిగించారు.

ఇప్పుడు డిసెంబరు 21 చుట్టుపక్కల ఉదయాల్లో లోపలికి వెళ్లాలంటే లాటరీ తగలాలి. ఏటా వేలమంది పేర్లిస్తారు, గదిలో పట్టేది కొద్దిమందే. లాటరీ తగిలినవాళ్లకీ మబ్బు పడితే ఏమీ కనబడదు. మిగిలినవాళ్లం బయట గడ్డిలో నిలబడి తూర్పు కేసి చూస్తాం. అక్కడ డప్పులు తెచ్చేవాళ్లుంటారు, కళ్లు మూసుకుని చేతులు చాచేవాళ్లుంటారు, కుక్కలని తెచ్చేవాళ్లుంటారు. ముందువైపు తళతళలాడే తెల్ల స్ఫటికపు గోడని చూసి అందరూ ఫొటోలు తీసుకుంటారు. ఆ రాళ్లు విక్లో కొండల నుంచి తెచ్చినవే, కట్టినవాళ్లు తెచ్చినవే. కానీ వాటిని నిలువు గోడగా పేర్చింది ఓకెల్లీ. వెనక కాంక్రీటు ఉంది. అలా ఉండేదే కాదని వాదించే పండితులు ఇప్పటికీ ఉన్నారు. నాకూ ఆ గోడ కొంచెం కొత్త బ్యాంకు ముందుగోడలా అనిపిస్తుంది.

దీన్ని కట్టినవాళ్లు కెల్టులు కారు. వ్యవసాయం చేతబట్టుకుని సముద్రం దాటి వచ్చిన రైతులు, వాళ్ల పూర్వీకుల మూలాలు అనటోలియా వైపున్నాయి. న్యూగ్రేంజ్ కట్టిన ఏడెనిమిది వందల ఏళ్లకి లోహం తెలిసిన కొత్త జనం వచ్చి ఇక్కడి రక్తాన్ని బాగా మార్చేశారని డీఎన్ఏ పరీక్షలు చెబుతున్నాయి. ఐరిష్ భాష ఏ కాలంలో, ఎవరితో వచ్చిందన్నది పండితులు ఇంకా కొట్టుకుంటున్న విషయం. 2020లో ట్రినిటీ కాలేజీ శాస్త్రవేత్తలు న్యూగ్రేంజ్ గదిలో దొరికిన ఒక పుర్రె ఎముక ముక్కని పరీక్షించి, ఆ మనిషిని కన్నవాళ్లు అన్నాచెల్లెళ్ళో తండ్రీకూతుళ్ళో అంతటి దగ్గరవాళ్లని తేల్చారు. రక్తం బయటికి పోనివ్వని దైవాంశ రాజవంశం ఉండి ఉంటుందన్నారు. పత్రికలు పండుగ చేసుకున్నాయి. 2025లో ఇంకో పురావస్తు బృందం, ఒక్క ఎముక ముక్క మీద రాజ్యాన్నే నిలబెట్టడం కుదరదని నీళ్లు చల్లింది. నాకు రెండోవాళ్ల మాటే నచ్చింది.

మరి కెల్టిక్ భాష మాట్లాడిన పాత ఐరిష్‌వాళ్లు ఈ రోజున ఏం చేసేవారు? వాళ్ల సంవత్సరానికి నాలుగు పెద్ద పండుగలు: నవంబరు మొదట్లో సావిన్, ఫిబ్రవరిలో ఇంబోల్గ్, మేలో బ్యాల్తన, ఆగస్టులో లూనసా. పశువులని కొండ దించడం, గొర్రెలు ఈనడం, మందలని మళ్లీ మేతకి తోలడం, పంట కోత. సంవత్సరం వీటి మీద తిరిగేది. నాలుగింట్లో ఒక్కటి కూడా అయనాంతం మీద పడదు. పాత గ్రంథాల్లో డిసెంబరు 21కి ఇలాంటి పెద్ద ఉత్సవమేదీ లేదు. కాబట్టి పోస్టరు మీది పండుగ పాతది కాదు. పాత వస్తువులు కొన్ని తెచ్చి, మనకి కళ్లెదుట అల్లుతున్న కొత్తది. ఆ వస్తువులు ఎక్కడెక్కడి నుంచి వచ్చాయన్నదే నాకు ఆసక్తి.

కథతో మొదలుపెడతాను. కొవ్వొత్తి వెలుగులో ఏటా ఎవరో ఒకరు చెప్పేది ఏంగస్ కథ. మధ్యయుగాల్లో సన్యాసులు చేతిరాతలో దాచిపెట్టిన కథ అది. న్యూగ్రేంజ్ దేవతల మేడ. దాని యజమాని ఎల్క్‌మర్, అతని భార్య బోవన్, మా నదికి పేరిచ్చిన దేవత. పెద్ద దేవుడు దాగ్దా ఆమె మీద మనసుపడి, ఎల్క్‌మర్‌ని ఒక రోజు పని మీద దూరం పంపాడు. ఆకలి తెలియకుండా, రాత్రి తెలియకుండా అతని మీద మంత్రం వేసి పొద్దుని ఆపేశాడు. తొమ్మిది నెలలు ఒక్క పగలుగా గడిచాయి. ఆ పగటిలోనే గర్భమూ ప్రసవమూ అయిపోయాయి. ఎల్క్‌మర్ తిరిగొచ్చి ఒక రోజే గడిచిందనుకున్నాడు. పుట్టినవాడు ఏంగస్. పెరిగి పెద్దయ్యాక, తండ్రి నేర్పిన యుక్తితో సావిన్ రోజున ఎల్క్‌మర్ దగ్గరికి వచ్చి, ఈ మేడ నాకు ఒక పగలూ ఒక రాత్రీ ఇస్తే చాలన్నాడు. ఇచ్చాడు పాపం. మర్నాడు అడిగితే, లోకంలో ఉన్నదంతా పగలూ రాత్రే కదా, ఇంకేం మిగిలింది నీకు అని ఏంగస్ ఇవ్వలేదు. ఎల్క్‌మర్ బదులు దాగ్దానే మోసపోయినట్టు చెప్పేవాళ్లూ ఉన్నారు. మూడడుగులు అడిగి ముల్లోకాలూ పట్టిన వామనుడి కథ తెలిసినవాళ్లకి ఈ తర్కం కొత్త కాదు. నేను మొదటిసారి విన్నప్పుడు హాలంతా నిశ్శబ్దంగా ఉంటే నాకొక్కడికే నవ్వొచ్చింది, బలి చక్రవర్తి గుర్తొచ్చి.

సూర్యుడు ఆగిపోయే రోజుకోసం కట్టిన కట్టడం చుట్టూ సూర్యుణ్ణి ఆపేసిన కథ ఎలా అల్లుకుంది? ఆ కట్టడానికీ ఈ చేతిరాతకీ మధ్య నాలుగు వేల ఏళ్లున్నాయి, భాష మారింది, జనం మారారు, గుమ్మం మూసుకుపోయింది. జ్ఞాపకం అంత దూరం నడవగలదా అన్నదానికి జవాబు ఎవరి ఇష్టాన్నిబట్టి వాళ్లు చెబుతారు. ఆ ఊళ్లవాళ్లని ఓకెల్లీ మొదట నమ్మలేదన్న సంగతి మాత్రం మర్చిపోకూడదు.

ఇక కెల్టిక్ అన్న ముద్ర. 1690లో ఈ నది ఒడ్డునే బాయిన్ యుద్ధం జరిగింది. ప్రొటెస్టెంటు రాజు విలియం, క్యాథలిక్ రాజు జేమ్స్‌ని ఓడించాడు. ఇంగ్లండ్ సింహాసనం కోసం ఇద్దరు రాజులు ఐర్లాండ్ పొలాల్లో కొట్టుకున్నారు. ఆ తర్వాత భూములు చేతులు మారాయి, క్యాథలిక్కులకి భూమి మీద, చదువు మీద, పదవుల మీద దశాబ్దాల పాటు నిషేధాల చట్టాలు నడిచాయి. న్యూగ్రేంజ్ భూమి అలా వచ్చి స్థిరపడ్డ చార్లెస్ క్యాంప్‌బెల్ అనే ఆసామికి దక్కింది. 1699లో రోడ్డుకి రాళ్లు కావాలని అతను ఆ దిబ్బని తవ్విస్తుంటే కూలీలకి గుమ్మం తగిలింది. ఆ ఏడాదే అటు వచ్చి చూసి వివరంగా రాసిపెట్టినవాడు ఎడ్వర్డ్ లూయిడ్, వేల్స్‌కి చెందిన పండితుడు, ఆక్స్‌ఫర్డ్‌లో మ్యూజియం అధికారి. ఈ లూయిడే 1707లో ఐరిష్, వెల్ష్, కార్నిష్, బ్రెటన్ భాషలు ఒక కుటుంబమని చూపించి పుస్తకం వేశాడు. కెల్టిక్ అన్న పేరు ఈ దేశానికి అతుక్కోవడానికి పునాది అది. అంతకు ముందు ఇక్కడెవరూ తమని కెల్టులని చెప్పుకోలేదు. అంటే న్యూగ్రేంజ్‌ని లోకానికి చెప్పినవాడూ, కెల్టులని లోకానికి ఇచ్చినవాడూ ఒకడే. పోస్టరు మీద ఆ రెండూ కలవడం అంత అన్యాయమేమీ కాదేమో. (నూట తొమ్మిదేళ్ల తర్వాత, 1816లో, తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదనీ, దక్షిణాది భాషల కుటుంబం వేరనీ ఎల్లిస్ దొర నిరూపించింది కూడా ఒక క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాటలోనే. ఈ క్యాంప్‌బెల్ మద్రాసు ఉద్యోగి, ఆయనకీ ఈయనకీ చుట్టరికం ఉందని నేననను.)

సంగీతం దగ్గరికి వచ్చేసరికి కథ సముద్రం దాటుతుంది. 1845లో బంగాళదుంపకి తెగులు పట్టింది. పేదవాడి పళ్లెంలో వేరే ఏమీ లేదు, పండిన ధాన్యం మాత్రం ఓడలెక్కి పోతూనే ఉంది. 1852 దాకా సాగిన ఆ కరువులో సుమారు పది లక్షల మంది చనిపోయారు, అంతకంటే ఎక్కువమంది దేశం విడిచారు. 1841లో 82 లక్షలున్న ద్వీపం జనాభా 1851కి 65 లక్షలైంది. ఈనాటికీ, ఉత్తర దక్షిణాలు రెండూ కలిపినా, పాత లెక్క అందలేదు. జనాభా తగ్గిన దేశమంటే మనకి ఊహకే అందదు. ఇక్కడ పొలాల మధ్య కప్పు లేని రాతి ఇళ్లు ఇప్పటికీ కనబడతాయి.

పోయినవాళ్లు పాటలు మోసుకుపోయారు. కార్క్ జిల్లాలో పుట్టిన ఫ్రాన్సిస్ ఓనీల్ కుర్రతనంలో ఓడెక్కి, చివరికి షికాగో పోలీసు అధిపతి అయ్యాడు. ఆ నగరంలోని ఐరిష్ వాద్యగాళ్ల చేత వాయించుకుని, 1903లో 1,850 బాణీలతో పుస్తకం అచ్చు వేశాడు. ఈ హాల్లో కూర్చున్నవాళ్లు ఏ బాణీ గురించి తగువు పడ్డా ఆఖరికి ఆ పుస్తకమే తెరుస్తారు. స్లైగో జిల్లా ఫిడేలు వాద్యగాడు మైకేల్ కోల్మన్ 1914లో న్యూయార్క్ చేరాడు. 1920ల్లో అతనిచ్చిన గ్రామఫోను రికార్డులు పార్సిళ్లలో స్వదేశానికి వచ్చాయి. ఊరూరా ఫిడేలు పట్టినవాళ్లు అతని వాయింపే పట్టుకున్నారు. దాంతో ఒక జిల్లా బాణీ దేశపు బాణీ అయింది, కొన్ని ఊళ్ల సొంత పోకడలు అణిగిపోయాయి. లాభనష్టాలు రెండూ ఒకే పార్సిల్లో వచ్చాయి.

అందరూ కలిసి ఆడే కేలీ అనే నాట్యసభ కూడా అంతే. ఐరిష్ భాషని నిలబెట్టడానికి డగ్లస్ హైడ్, ఓయిన్ మెక్‌నీల్ మొదలైనవాళ్లు 1893లో గేలిక్ లీగ్ పెట్టారు. దాని లండన్ శాఖవాళ్లు, అక్కడి స్కాట్లాండ్ జనం చేసుకునే సాయంకాలాలు చూసి ముచ్చటపడి, 1897 అక్టోబరు 30న లండన్‌లో మొదటి కేలీ జరిపారు. పర్యాటకులు తరతరాలదనుకునే పబ్బు సంగీతానికీ అదే జాతకం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత లండన్‌లో ఇటుకలు మోసిన ఐరిష్ కూలీల అద్దెగదుల్లో నలుగురు కూర్చునే చోటు లేక, పబ్బులకి ఫిడేళ్లు తీసుకుపోయారు. పల్లెల్లో ఆ సంగీతం అప్పటిదాకా వంటింటి పొయ్యి దగ్గరిది. ఇంటి దగ్గర ఇది ఆరిపోతుందేమోనన్న భయంతో 1951లో మల్లింగార్‌లో కోల్తస్ అనే సంఘమూ, ఫ్లా క్యోల్ అనే వార్షిక పోటీల జాతరా మొదలయ్యాయి. ఆ జాతర 2018, 2019లో మా డ్రాహెడాలోనే జరిగింది. వారం రోజులు ఏ గుమ్మం ముందు చూసినా ఏడెనిమిదేళ్ల పిల్లలు రీల్ అనే నాట్య బాణీలు వాయిస్తూ కనబడ్డారు. ఇలన్ పైపులు తెలిసినవాళ్లు వందమంది కూడా మిగల్లేదని 1968లో పైపర్లు సంఘం కట్టుకున్నారు. 2017లో యునెస్కో ఆ విద్యని మానవాళి వారసత్వంగా రాసుకుంది. బౌరాన్‌ది ఇంకో దారి. డిసెంబరు 26న గడ్డి దుస్తులూ ముసుగులూ వేసుకుని ఇల్లిల్లూ తిరుగుతూ వాయించి డబ్బులడిగే ఆటకే ఒకప్పుడు దాని పని. 1960ల్లో సంగీతకర్త షాన్ ఓరీడా దాన్ని కచేరీ వేదిక ఎక్కించాడు.

ఇంత చెప్పాక నాట్యం మీద వచ్చిన చట్టం గురించి చెప్పకపోతే తప్పు. స్వతంత్రం వచ్చిన పదమూడేళ్లకి, 1935లో, ఐరిష్ ప్రభుత్వం బహిరంగ నాట్యశాలల చట్టం తెచ్చింది. కోర్టు లైసెన్సు లేకుండా నాట్యాలు జరపకూడదు. యువతీయువకులు పాడైపోతున్నారని చర్చి పెద్దలు చాలాకాలంగా పోరిన ఫలితం అది. చట్టం బహిరంగ స్థలాల గురించే మాట్లాడినా, చాలా చోట్ల పోలీసులూ ఫాదర్లూ కలిసి వంటిళ్లలో ఆడుకునే నాట్యాల మీదికీ, నాలుగు రోడ్ల కూడలిలో వేసవి ఆటల మీదికీ పోయారు. బదులుగా చర్చి హాళ్లు లేచాయి. ఫాదరు కళ్ల ముందు, వెలుగులో, రుసుము కట్టి ఆడాలి. వంటింటికి ఒక్క ఫిడేలు సరిపోయేది, హాలుకి చాలదు. అందుకే డ్రమ్ములూ పియానో చేరిన కేలీ బ్యాండ్లు పెరిగాయి. మేం ఇప్పుడు పొద్దు పండుగ చేసుకునే హాలు అలా కట్టినవాటిలో ఒకటి. అందులో ఆడే సెట్ నాట్యాలు మూలంలో పారిస్ నుంచి వచ్చిన క్వాడ్రిల్లులు. నెపోలియన్ యుద్ధాల రోజుల్లో సైనికులతో, నాట్యం నేర్పే గురువులతో ఇటు వచ్చాయి. విదేశీ సరుకని గేలిక్ లీగ్‌వాళ్లు వాటిని గెంటేశారు. పశ్చిమ జిల్లాల పల్లెలు చాటుగా పట్టుకుని ఉంటే, 1980ల్లో మళ్లీ అందరూ నేర్చుకున్నారు. ఇవాళ వాటి కంటే ఐరిష్ నాట్యం లేదు.

అదే 1935లో అదే ప్రభుత్వం జానపద కమిషన్ కూడా పెట్టింది. ఒక చేత్తో వంటింటి ఆటని ఆపిస్తూ ఇంకో చేత్తో వంటింటి కథని రాయించింది. షేమస్ ఓ డూలార్గ నాయకత్వంలో సేకర్తలు ఎడిఫోన్ యంత్రాలు మోసుకుని, సైకిళ్ల మీద కొండలూ సముద్రతీరాలూ తిరిగారు. మైనపు గొట్టం మీద కథ ఎక్కించి, ఇంటికొచ్చి మాట మాటా రాసుకుని, డబ్బు లేక ఆ మైనం గీకేసి అదే గొట్టం మీద ఇంకో కథ ఎక్కించేవారు. అలా వేలాది గొంతులు పోయాయి, మాటలు మిగిలాయి. 1937 నుంచి 1939 దాకా సుమారు 5,000 బడుల పిల్లల చేత అవ్వా తాతల కథలూ, వైద్యాలూ, దయ్యాల సంగతులూ రాయించారు. ఆ సేకరణ సుమారు 7,40,000 పేజీలు. మా చుట్టుపక్కల ఊళ్ల పేజీలు నేను ఇంటర్నెట్‌లో చదివాను. పదమూడేళ్ల పిల్ల గుండ్రటి దస్తూరీలో, మా బజారు చివర వాగు దగ్గర తిరిగే తెల్ల గుర్రం గురించి, ఏ అనుమానమూ లేకుండా రాసింది. మనకి ఇలాంటి పని ఎవరైనా ప్రతి జిల్లా పరిషత్ బడి చేత చేయించి ఉంటే అనిపించక మానదు. బిరుదురాజు రామరాజు లాంటి జానపద పరిశోధకులు ఒక్కొక్కరుగా ఎంత చేయగలరో అంతా చేశారు, ప్రభుత్వం మొత్తంగా పూనుకోవడం వేరు.

సావిన్ నుంచి వసంతం దాకా, చలి రాత్రుల్లోనే కథలు చెప్పాలని పాత నియమం. పగలు చెబితే అరిష్టమనేవారు. అది ఎందుకో ఇక్కడి డిసెంబరు చూస్తే తెలుస్తుంది. ఇంకేం చేస్తారు? ఇప్పుడు పదహారు గంటల చీకటిని టీవీ చూసుకుంటోంది. ఏడాదికి ఒక్క సాయంత్రం హాలుకి వచ్చి పాత నియమం పాటించడం, నా దృష్టిలో, ఆ పండుగలో అన్నింటికంటే నిజమైన భాగం.

రివర్‌డాన్స్ గురించి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 1994 ఏప్రిల్ 30న డబ్లిన్‌లో యూరోవిజన్ పాటల పోటీ విరామంలో వేసిన ఏడు నిమిషాల అంశం, బిల్ వీలన్ సంగీతం. ముందు నిలబడి ఆడిన మైకేల్ ఫ్లాట్లీ షికాగోలో పుట్టినవాడు, జీన్ బట్లర్ న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టింది. చేతులు ఒంటికి అంటించుకుని ఆడే నాట్యానికి చేతులు విప్పింది అమెరికా బిడ్డలు.

బయటికి పోయినవాళ్ల ఈ లెక్కలో మన పేజీ ఒకటి ఉంది, దాన్ని ఇక్కడ హాల్లో చెబితే ఎవరూ నమ్మలేదు. రోస్కామన్ జిల్లా బాయిల్ ఊళ్లో 1878లో పుట్టిన మార్గరెట్ కజిన్స్ సంగీతంలో పట్టా పుచ్చుకుంది, స్త్రీల ఓటు హక్కు కోసం జైలుకి పోయింది. భర్త జేమ్స్ కజిన్స్ బెల్‌ఫాస్ట్ కవి, ఐరిష్ సాహిత్య పునరుజ్జీవనంలో యేట్స్ కాలపు మనిషి. 1915లో ఇద్దరూ ఇండియా చేరారు. డబ్లిన్‌లో జరిగిన 1916 ఈస్టర్ తిరుగుబాటుని మెచ్చుకుంటూ రాసినందుకు మద్రాసులో అనీబిసెంట్ పత్రికలో జేమ్స్ ఉద్యోగం పోయింది. అక్కణ్ణుంచి మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకి వచ్చాడు. 1919 ఫిబ్రవరిలో టాగూర్ వాళ్ల అతిథిగా మదనపల్లెలో ఉన్నప్పుడు ‘జనగణమన’ పాడి వినిపించాడు, అక్కడే ఇంగ్లిష్ చేశాడు, ఆ బాణీకి స్వరాలు రాసిపెట్టింది మార్గరెట్. షికాగోలో ఓనీల్ చేసిన పనే ఆమె మదనపల్లెలో చేసింది, కాకపోతే పరాయి పాటకి. బాయిల్ దగ్గరి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఈ మాట విని, తన ఫోన్‌లో వెతికి చూసుకుని, ఇన్నేళ్లూ మాకు బళ్లో ఎవరూ చెప్పలేదేమని నన్ను నిలదీసింది. మదనపల్లెలో చెబుతారేమో కనుక్కుంటానన్నాను.

దాని ఫలితమో ఏమో, వచ్చే డిసెంబరుకి మీవాళ్లు కూడా ఏదైనా ఆడాలని కమిటీ పట్టుబట్టింది. డ్రాహెడాలో తెలుగువాళ్లం తక్కువ లేం. ఆసుపత్రి నర్సులు, కంప్యూటర్ ఉద్యోగులు, కొత్తగా వచ్చిన విద్యార్థులు. బతుకమ్మకీ సంక్రాంతికీ మేం అద్దెకి తీసుకునేది కూడా ఇలాంటి హాళ్లే. కోలాటం అనుకున్నాం. కర్రలకి, హర్లింగ్ అనే ఇక్కడి బంతాటకి బ్యాట్లు చెక్కే ఆయన ఒప్పుకున్నాడు, కానీ యాష్ చెట్లకి తెగులు పట్టి చెక్క దొరకడం లేదు, బీచ్ చెక్కతో సరిపెట్టుకోమన్నాడు. స్పీకర్లో పాట పెట్టి ఆడతామంటే మాత్రం కమిటీ ససేమిరా అంది. ఎవరో ఒకరు పాడాల్సిందే, వాయించడానికి మేమున్నామంది. కరీంనగర్ నర్సక్క పాడి ఫోన్‌లో రికార్డు చేసి ఫిడేలు పెద్దాయనకి పంపింది. ఆయన మర్నాటికల్లా చెవితోనే పట్టేసి, ఇది జిగ్గు, ఆరు మాత్రల లెక్క అని తేల్చాడు. అక్క విని, “గట్ల ఉరికితే కర్ర కర్రకు తాకదన్నా, జర నిమ్మలంగ కొట్టుమను” అంది. ఆయన నిదానించాడు గానీ జిగ్గు మాత్రం జిగ్గే అంటున్నాడు.